సముద్రం మీద అపరిగ్రహం

తెరచాప పడవలో సముద్రం దాటేవాళ్లు వెంట ఏం తీసుకెళ్లాలి, ఏం వదిలెయ్యాలి అన్నది పైకి సామాన్ల చిట్టా వ్యవహారంలా కనిపిస్తుంది. నూరేళ్లకు పైగా పడవలవాళ్ల మధ్య అది ధర్మసందేహంగానే నలుగుతోంది. ఫ్రిజ్, జీపీఎస్, పడవను దానంతటదే నడిపే ఆటోపైలట్, ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం, ఇప్పుడు ఇంటర్నెట్ కూడా. ఇవన్నీ ఎక్కించుకున్నవాడికి సముద్రం ఏమాత్రం తెలుస్తుంది? ఇవేవీ వద్దని బయల్దేరినవాడు విరాగా, మొండివాడా? యోగశాస్త్రం, జైనం అపరిగ్రహం అన్న పేరుతో అడిగిందీ, గాంధీ తన ఆశ్రమంలో రోజూ ఎదుర్కొన్నదీ ఈ ప్రశ్నే. ఇంట్లో కూర్చుని దీన్ని ఎంతకాలమైనా సాగదీయవచ్చు. ముప్పై అడుగుల పడవలో ఆ వెసులుబాటు లేదు. అక్కడ ప్రతి వస్తువూ చోటు అడుగుతుంది, బరువవుతుంది, కరెంటు తాగుతుంది, చెడిపోతుంది. బాగుచేయాల్సింది ఎక్కినవాడే.

ఒక్క ఫ్రిజ్ సంగతే చూస్తే చాలు. పన్నెండు వోల్టుల చిన్న ఫ్రిజ్‌కు రోజుకు సుమారు 50 ఆంపియర్-అవర్ల కరెంటు కావాలి. 100 ఆంపియర్-అవర్ల లెడ్-యాసిడ్ బ్యాటరీ పాడవకుండా ఉండాలంటే అందులో సగానికి మించి వాడకూడదు. అంటే రోజుకొక బ్యాటరీ ఖాళీ. అందుకని ఇంకో బ్యాటరీ, వాటిని నింపడానికి సోలార్ పలకలు, మబ్బు రోజులకు జనరేటర్, దానికి డీజిల్, ట్యాంకుకు చోటు, ఆ చోటు కోసం ఇంకాస్త పెద్ద పడవ, దానికి తగ్గ పెద్ద తెరచాపలు, వాటిని చేతులతో లాగలేక కరెంటు మోటార్లు, వాటికి మళ్లీ బ్యాటరీలు. గోచిగుడ్డను ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవును, ఆవుకు మేత కోసం పొలాన్ని తెచ్చుకుని చివరికి సంసారంలో పడ్డ సన్యాసి కథ తెలుగువాళ్లకు తెలిసిందే. ఆ కథలో ఏ మెట్టు దగ్గరా సన్యాసి విలాసం కోరలేదు. ప్రతిదీ అవసరంగానే వచ్చింది. అయితే కొత్త వస్తువు ప్రతిసారీ ఈ గొలుసును పొడిగిస్తుందనుకోవడం తొందరపాటు. తెరచాప స్తంభం కొసన వెలిగే పాతకాలపు 25 వాట్ల బల్బు గంటకు రెండు ఆంపియర్-అవర్లు లాగేది. ఆ కరెంటు మిగుల్చుకోవడానికి నడిసముద్రంలో దీపం ఆర్పేసి వెళ్లిన చిన్న పడవలు ఎన్నో. అదే వెలుగును ఎల్ఈడీ పదోవంతు కరెంటుతో ఇస్తోంది. ఇక్కడ కొత్త ఎలక్ట్రానిక్స్ వచ్చి పడవ బరువు తగ్గించింది, దీపాన్నీ వెలిగించింది.

నిరాడంబరత పక్షంవాళ్లు మొదట చెప్పే పేరు జాషువా స్లోకమ్. ఒంటరిగా పడవలో భూమిని చుట్టివచ్చిన మొదటి మనిషి ఆయనే. ఒడ్డున పాడుబడి ఉన్న పడవను పదమూడు నెలలు శ్రమపడి, 553 డాలర్ల చిల్లర ఖర్చుతో కొత్తగా కట్టుకుని, ‘స్ప్రే’ అన్న దాని పేరు అలాగే ఉంచి, 1895 ఏప్రిల్‌లో బోస్టన్ నుంచి బయల్దేరాడు. 46,000 మైళ్లు తిరిగి 1898 జూన్‌లో అమెరికా చేరాడు. ఆయన దగ్గర క్రోనోమీటర్ ఉంది కాని దాన్ని బాగుచేయించడానికి 15 డాలర్లు అడిగారని ఇంట్లో వదిలేశాడు. దాని బదులు ముఖం పగిలిన రేకు గడియారాన్ని డాలరుకు కొన్నాడు. ఈ రేకు గడియారమే తర్వాతివాళ్లకు దాదాపు పూజావస్తువైపోయింది. కాని స్లోకమ్ జీవితమంతా ఓడల్లో గడిపిన కెప్టెన్. చంద్రుడికీ నక్షత్రాలకీ మధ్య కోణాన్ని కొలిచి కాలం రాబట్టే పద్ధతి ఆయనకు వచ్చు. పసిఫిక్‌లో అలా లెక్క కట్టినప్పుడు ఫలితం పొసగకపోతే వెతికి వెతికి అచ్చుపట్టికలోనే తప్పుందని పట్టుకున్నాడు. ఆయన వదిలేసిన వస్తువు చోటును విద్య నింపింది. ఆ విద్య లేనివాడు క్రోనోమీటర్ వదిలేస్తే దాన్ని నిరాడంబరత అనడం కష్టం.

పైగా ఏది నిరాడంబరం అన్న గీత ఎక్కడా నిలవదు. 1707లో సిలీ దీవుల దగ్గర బ్రిటిష్ యుద్ధనౌకలు రాళ్లకు కొట్టుకుని వెయ్యి మందికి పైగా చనిపోయాక, సముద్రం మీద రేఖాంశం కనుక్కునే మార్గానికి బహుమానం ప్రకటించారు. జాన్ హారిసన్ అనే వడ్రంగి దశాబ్దాలు శ్రమించి కచ్చితమైన గడియారం చేశాడు. ఆకాశాన్ని చూసి లెక్క కట్టాల్సిన నావికుడు పెట్టెలోని యంత్రాన్ని నమ్మడమేమిటని ఖగోళ పండితులు అప్పట్లో పెదవి విరిచారు. జీపీఎస్ మీద ఇప్పుడు వినిపించే మాట దాదాపు ఇదే. ఇప్పుడు పాతకాలపు నిష్ఠకు గుర్తుగా చూసే సెక్స్‌టాంట్ 18వ శతాబ్దంలో సరికొత్త సూక్ష్మయంత్రం. కాబట్టి ఫలానా ఏడాది వరకు వచ్చినవి పవిత్రం, తర్వాతవి అపవిత్రం అనడానికి తాత్త్విక ఆధారం లేదు. 2018లో మళ్లీ మొదలైన గోల్డెన్ గ్లోబ్ పందెం 1968 నాటి సామగ్రినే అనుమతించినా, అది ఆటకు పెట్టుకున్న నియమం. సిద్ధాంతమని నిర్వాహకులూ అనలేదు.

ఆ 1968 పందెం మాత్రం ఈ చర్చకు దొరికిన గొప్ప గ్రంథం లాంటిది. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టి రావాలని సండే టైమ్స్ పత్రిక పెట్టిన ఆ పందెంలో తొమ్మిదిమంది దిగారు. పూర్తి చేసింది ఒక్కడే: రాబిన్ నాక్స్-జాన్‌స్టన్. ఆయన 32 అడుగుల ‘సుహైలి’ ముంబైలో టేకుతో కట్టిన పడవ. దాని రేడియో దారిలో మూగబోయింది. నెలల తరబడి కబురు లేక, మునిగిపోయాడేమో అనుకున్నారు. 312 రోజుల తర్వాత 1969 ఏప్రిల్ 22న ఫాల్మత్ రేవులోకి వచ్చాడు. ఈ నిశ్శబ్దం ఆయన కోరుకున్నది కాదు, యంత్రం చెడిపోయి వచ్చింది. వచ్చినదాన్ని ఓర్చుకున్నాడు, దాని గురించి తత్త్వమేమీ చెప్పలేదు.

బెర్నార్డ్ మొయితెస్సియే దారి వేరు. హనోయ్‌లో పుట్టిన ఈ ఫ్రెంచివాడు తన ఇనుప పడవకు స్లోకమ్ మీద గౌరవంతో ‘జాషువా’ అని పేరు పెట్టుకున్నాడు. పత్రిక ఇస్తానన్న రేడియోను వద్దన్నాడు. ఓడలు కనిపిస్తే ఉత్తరాన్ని చిన్న డబ్బాలో పెట్టి ఉండేలుతో విసిరేవాడు. దారిలో యోగాసనాలు మొదలుపెట్టాడు. దక్షిణ సముద్రాలు దాటి గెలిచే అవకాశం ఉన్న స్థితిలో, 1969 మార్చిలో కేప్‌టౌన్ దగ్గర ఒక ఓడ మీదికి అలాగే కబురు విసిరాడు. పందెం మానేస్తున్నానని, సముద్రం మీద సుఖంగా ఉన్నానని, బహుశా తన ఆత్మను కాపాడుకోవడానికే పసిఫిక్ వైపు వెళ్తున్నానని దాని సారాంశం. ఇంగ్లండ్ వైపు తిరగకుండా మళ్లీ తూర్పుకు సాగి జూన్‌లో తాహితీ చేరాడు. బహుమతినీ కీర్తినీ చేతికందే వేళ వదిలిన ఆ ఘట్టం నిజంగా అరుదైనది.

డొనాల్డ్ క్రోహర్స్ట్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. రేడియో సంకేతాలతో దిక్కు చూపే పరికరాలు అమ్మే చిన్న వ్యాపారం ఆయనది. మూడు దేహాల పడవ ‘టీన్‌మత్ ఎలక్ట్రాన్’ను, బోల్తా పడబోతే కంప్యూటరే పసిగట్టి నిలబెట్టేలా చేస్తానన్నాడు. బయల్దేరే రోజుకు ఆ కంప్యూటర్ లేదు. పడవ నిండా ఎక్కడికీ కలపని తీగలు మిగిలాయి. పడవ దక్షిణ సముద్రాలకు నిలవదని అర్థమయ్యాక వెనక్కి రాలేక, అట్లాంటిక్‌లోనే తిరుగుతూ రేడియోలో దొంగ లెక్కలు పంపాడు. ఇంకో పుస్తకంలో అసలు లెక్కలు రాసుకున్నాడు. చివరి రోజుల్లో కాలం, దేవుడు, మనిషి బుద్ధి గురించి వేల మాటలు రాశాడు. 1969 జూలై 10న పడవ ఖాళీగా దొరికింది. ఆయనను రేడియో చంపిందనడం అన్యాయం. అయితే ఆ రేడియో ద్వారా ఊరి చూపులు, అప్పుల భయం, పత్రికల ఎదురుచూపు ఆ చిన్న గదిలోకి వచ్చి కూర్చున్నాయన్నది నిజం. నాక్స్-జాన్‌స్టన్ తనకు వచ్చిన 5,000 పౌండ్లను క్రోహర్స్ట్ కుటుంబానికి ఇచ్చేశాడు. ఆ పందెంలో అపరిగ్రహం అన్న మాటకు అన్నిటికంటే తగిన పని బహుశా ఇదే. దానికీ పడవలోని సామగ్రికీ సంబంధమే లేదు.

మొయితెస్సియేను ఋషిని చేసేవాళ్లు ఒక సంగతి దాటవేస్తారు. యూరప్‌లో ఆయన భార్యాపిల్లలు ఎదురుచూస్తున్నారు. ఈ ఇబ్బంది భారతీయ సంప్రదాయానికి బాగా తెలిసిందే. దేవ, ఋషి, పితృ ఋణాలు మూడూ తీర్చకుండా మోక్షం కోరేవాడు అధోగతి పాలవుతాడని మనుస్మృతి హెచ్చరించింది. సిద్ధార్థుడు యశోధరను వదిలి వెళ్లిన రాత్రిని కవులు ఇప్పటికీ విచారణకు పెడుతూనే ఉన్నారు. వదలడం అన్నది వదిలేవాడికీ వస్తువుకీ మధ్య జరిగే లావాదేవీ మాత్రమే అయితే చిక్కు లేదు. దాదాపు ప్రతి త్యాగంలోనూ బరువు మోసే మూడో మనిషి ఉంటాడు. పడవలో ఉండాల్సినవి, ఉండకూడనివి తేల్చడానికి వస్తువుల సంఖ్య కంటే ఈ ఋణం లెక్కే నమ్మదగిన కొలత.

విషయాలకు దూరంగా ఉన్నా వాటి మీది రుచి లోపల మిగిలే ఉంటుందని గీత రెండో అధ్యాయం చెబుతుంది. చేతుల్ని కట్టేసి మనసులో విషయాలను తలచుకునేవాణ్ణి మూడో అధ్యాయం మిథ్యాచారి అంటుంది. గాంధీ దీన్ని ఆచరణలో పెట్టి చూసినవాడు. ఆశ్రమంలో కొన్నాళ్లున్న అమెరికన్ రిచర్డ్ గ్రెగ్ అన్నీ వదలగలను గాని పుస్తకాలు వదల్లేనంటే, అయితే వదలకు అని గాంధీ సలహా ఇచ్చాడు. ఒక వస్తువు లోపల బలమిస్తున్నంతకాలం ఉంచుకోవాలి, బలవంతంగా పారేస్తే మనసు దాని చుట్టూనే తిరుగుతుందన్నది ఆయన అభిప్రాయం. స్వచ్ఛంద నిరాడంబరత మీద 1936లో రాసిన వ్యాసంలో గ్రెగ్ ఈ సంభాషణను చెప్పుకున్నాడు. యంత్ర నాగరికతను తూర్పారబట్టిన ‘హింద్ స్వరాజ్’ను గాంధీ 1909 నవంబరులో లండన్ నుంచి దక్షిణాఫ్రికా వెళ్తూ ‘కిల్డొనన్ కాసిల్’ అనే ఆవిరి ఓడలో రాశాడు. దీన్ని వేలెత్తి చూపి నవ్వినవాళ్లున్నారు. ఆయన మాత్రం కుట్టుమిషన్‌ను మినహాయించి, తన గొడవ యంత్రంతో కాదని, యంత్రాల పిచ్చితోనని తర్వాత వివరించాడు.

లిన్, లారీ పార్డీ దంపతుల పడవలు ఈ మాటకు మంచి వ్యాఖ్యానం. ఇరవై నాలుగు అడుగుల ‘సెరాఫిన్’, తర్వాత ముప్పై అడుగులకు కాస్త తక్కువైన ‘తలైసిన్’, రెండూ లారీ తన చేతులతో కట్టినవే. రెండింటిలోనూ ఇంజను లేదు. కిరోసిన్ దీపాలు, గాలి లేనప్పుడు పొడవాటి తెడ్డు. అలా దశాబ్దాలు సముద్రాలన్నీ తిరిగారు. ఇంజను లేకపోవడం వల్ల తలైసిన్‌లో మిగిలిన చోటులో వాళ్లు పెట్టుకున్నది స్నానాల తొట్టి. కఠిన వ్రతం పాటించేవాడు ఆ తొట్టి చూసి నిరాశపడవచ్చు. వాళ్లకు వేడినీళ్ల స్నానం ఇష్టం, ఇంజను వాసన ఇష్టం లేదు, అంతే. ఆ నిరాడంబరతలో ఎక్కడా కసి కనిపించదు, అందుకే అది అంతకాలం నిలిచింది.

సౌకర్యాల సంగతి ఇలా రుచికి వదిలేయవచ్చు. దారి చెప్పే పరికరాలది వేరే చిక్కు. అవి శరీరానికి కాకుండా బుద్ధికి బదులు పనిచేస్తాయి. ఆల్బర్ట్ బోర్గ్‌మన్ అనే తత్త్వవేత్త 1984లో రాసిన పుస్తకంలో కట్టెల పొయ్యినీ ఇల్లంతా వెచ్చబరిచే యంత్రాన్నీ పోల్చాడు. పొయ్యి దగ్గర కట్టె కొట్టేవాడు, మంట చూసేవాడు, చుట్టూ చేరేవాళ్లు ఉంటారు. యంత్రం వేడిని మాత్రం ఇచ్చి మిగతాదంతా కనపడకుండా దాచేస్తుంది. జీపీఎస్ కూడా స్థానాన్ని మాత్రం ఇస్తుంది. మధ్యాహ్నం సూర్యుణ్ణి కొలవడం, నీటి రంగు మారడం గమనించడం, గాలి వాసన, పక్షులు వెళ్లే వైపు, ఇవన్నీ అనవసరమైపోతాయి. 2014 నవంబరు 29న వోల్వో ఓషన్ రేస్‌లో పాల్గొన్న ‘టీమ్ వెస్టాస్ విండ్’ పడవ మారిషస్‌కు ఈశాన్యాన కార్గాడోస్ కరాజోస్ పగడపు దిబ్బల మీదికి నేరుగా దూసుకెళ్లింది. దిబ్బలు పటంలో ఉన్నాయి. ఎలక్ట్రానిక్ పటాన్ని చాలినంత దగ్గరికి పెంచి చూడకపోవడంతో తెర మీదికి రాలేదు. తొమ్మిదిమందీ బతికి బయటపడ్డారు. అమెరికా నావికాదళ అకాడమీ 1990లలో మానేసిన నక్షత్ర నావిగేషన్ పాఠాన్ని 2015లో మళ్లీ మొదలుపెట్టింది. ఉపగ్రహ సంకేతాలు ఆగినా, శత్రువు చెడగొట్టినా పనికొస్తుందన్నది దాని లెక్క. వైరాగ్యం దగ్గర మొదలై కొందరూ, యుద్ధం దగ్గర మొదలై కొందరూ ఒకే విద్య దగ్గర కలుసుకోవడం చిత్రమే.

ఈ విద్యను మతంగానే కాపాడుకున్నవాళ్లు మైక్రోనేషియావాళ్లు. సతవాల్ దీవికి చెందిన మావు పియాలుగ్ ‘ప్వో’ అనే దీక్ష పొందిన నావికుడు. పరికరమేదీ లేకుండా నక్షత్రాలు ఉదయించే చోట్లు, అలల వరసలు, పక్షుల రాకపోకలు చూసి పడవ నడిపేవాడు. చీకట్లో పడుకుని పడవ ఊగే తీరును బట్టి ఏ దిక్కు అల తగులుతోందో చెప్పగలిగేవాడు. 1976లో ‘హోకులేఅ’ అనే జంట పడవను హవాయి నుంచి తాహితీకి అలాగే తీసుకెళ్లాడు. తమ పిల్లలు నేర్చుకోవడం లేదని, కులాచారాన్ని దాటి బయటివాళ్లకు నేర్పాడు. 2007లో హవాయివాళ్లు ఐదుగురికి దీక్ష ఇచ్చాడు. అదే హోకులేఅ 1978 మార్చిలో మరో యాత్రకు తోడు పడవ లేకుండా బయల్దేరి రాత్రి బోల్తా పడింది. సహాయం తెస్తానని అలల పలక మీద తెడ్డేసుకుంటూ వెళ్లిన ఎడ్డీ ఐకావ్ మళ్లీ కనిపించలేదు. అప్పటి నుంచి దూరయాత్రల్లో దాని వెనక తోడు పడవ ఉంటోంది. దారి కనుక్కునే మనిషి మనసులోకి యంత్రాన్ని రానివ్వలేదు, ప్రాణాలు కాపాడే యంత్రాన్ని మాత్రం అందేంత దూరంలో పెట్టుకున్నారు. ఈ వాదంలో వచ్చిన జవాబులన్నిటిలో ఇది తెలివైనది.

ఎందుకంటే ఆపద వేళ పిలవడమా మానడమా అన్న చోటే అసలు ముడి పడుతుంది. 1960లో ఒంటరివాళ్ల అట్లాంటిక్ పందేనికి ఆద్యుడైన బ్లాండీ హాస్లర్, కోరి ప్రమాదంలోకి వెళ్లినవాడు ఎవరినీ సాయం అడగకుండా పెద్దమనిషిలా మునిగిపోవాలనేవాడు. ఆ మాటలో నిజాయితీ ఉంది: తన సరదా ఖరీదు తానే కట్టాలి. కాని సముద్రధర్మం ఒకవైపు నుంచే రద్దయ్యేది కాదు. ఆపదలో ఉన్నవాణ్ణి కాపాడడం ప్రతి కెప్టెన్‌కూ విధి. అంతర్జాతీయ చట్టం దాన్ని రాతలో పెట్టింది. పిలవనని ఒట్టు పెట్టుకున్నవాడు కనిపించకపోయినా వెతకడం మానరు. 1982లో పని మొదలుపెట్టిన కాస్పాస్-సర్సాట్ ఉపగ్రహాలకు సంకేతం పంపే బీకన్ పడవలో ఉంటే, వెతకాల్సిన సముద్రం కొన్ని మైళ్లకు కుదించుకుపోతుంది. లేకపోతే విమానాలు, ఓడలు, వాటిలోని మనుషులు వేల చదరపు మైళ్లు గాలించాలి. అందువల్ల బీకన్‌ను సౌకర్యాల జాబితాలో కలిపి వదిలేయడం లెక్కలో పొరపాటు. అది ఎదుటివాడి ప్రాణానికి ఉన్న ముప్పును తగ్గించే వస్తువు.

2018 గోల్డెన్ గ్లోబ్ పందెంలో భారత నావికాదళ కమాండర్ అభిలాష్ టోమీ, సుహైలి నమూనాలో గోవాలో కట్టిన ‘తురీయ’ పడవలో వెళ్లాడు. పటాలు కాగితానివి, కొలతలు సెక్స్‌టాంట్‌వి. జీపీఎస్ సీలు వేసిన పెట్టెలో ఉంది. విప్పితే పోటీదారు తక్కువ వర్గానికి దిగిపోతాడు. సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను పడవను బోర్లించి స్తంభాన్ని విరిచింది. వెన్ను దెబ్బతిని కదల్లేని మనిషి ఉపగ్రహ పరికరంలో చిన్న చిన్న సందేశాలు కొట్టాడు. మూడు రోజుల తర్వాత ఫ్రెంచి గస్తీ నౌక ‘ఒసిరిస్’ ఆయనను ఎక్కించుకుంది. కోలుకుని, 2022లో మొదలైన తర్వాతి పందెంలో రెండో స్థానంలో నిలిచాడు. ఆ పందెంలోనే తపియో లెహ్తినెన్ పడవ మునిగితే, ఆయన బీకన్ సంకేతం ఆధారంగా ఆయన తేలుతున్న చోటును కిర్‌స్టెన్ నాయ్‌షాఫర్‌కు చెప్పారు. ఆమె దారి మళ్లించి వెళ్లి కాపాడింది, చివరికి ఆమే గెలిచింది. పరికరాలు లేని యాత్ర కోసమే పెట్టిన పందెం, రక్షణ పరికరాలను మాత్రం తప్పనిసరి చేయడంలో వైరుధ్యమేమీ లేదు.

సౌకర్యం, రక్షణ అన్న ఈ రెండు కోవల్లోకీ ఇంటర్నెట్ ఇమడదు. 2022 నుంచి స్టార్‌లింక్ లాంటి సేవలు నడిసముద్రంలోకి వచ్చాయి. వాతావరణ సూచన దొరుకుతుంది, డాక్టరుతో మాట్లాడవచ్చు, ఇంట్లో తల్లికి ఆందోళన తగ్గుతుంది. ఋణం లెక్కలో ఇవన్నీ జమ వైపే. అదే తీగ లేని దారిలో ఆఫీసు, వార్తలు, పొగడ్తలు కూడా వస్తాయి. మౌనాన్ని వెతుక్కుంటూ సముద్రానికి వెళ్లినవాడికి బీకన్ అడ్డు రాదు, ఫ్రిజ్ కూడా పెద్దగా రాదు. ఇది వస్తుంది. దీన్ని వస్తువుగా కాక అలవాటుగా చూడాలి, అలవాటును పడవ దిగి వదిలించుకోలేరు. రోజుకొక వేళ మాత్రమే యంత్రాన్ని వెలిగించే నియమం కొందరు పెట్టుకుంటున్నారు. వారానికొకనాడు మాట మానే మౌనవ్రతానికి అది దగ్గరి చుట్టం.

ఈ చర్చంతా వదులుకోవడానికి చేతిలో ఏదో ఉన్నవాళ్లది. ఉత్తరాంధ్ర తీరంలో దుంగలు కట్టిన తెప్ప మీద తెరచాప ఎత్తి, ఒడ్డున కొండనూ గుడినీ ఒక వరసలోకి తెచ్చుకుని చేపల చోటు గుర్తుపట్టిన తరాలు ఎవరికోసమూ నిరాడంబరతను ఎంచుకోలేదు. ఉన్నది అంతే. ఫైబర్ పడవ, మోటారు, జీపీఎస్ అందగానే తీసుకున్నారు. 2017 నవంబరు చివర ఓఖీ తుఫాను లేచినప్పుడు కేరళ, తమిళనాడుల నుంచి దూరం వెళ్లిన మత్స్యకారులు ఎందరికో హెచ్చరిక అందలేదు. మొబైల్ సిగ్నల్ తీరం నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే ఉండదు. ఆ అనుభవంతో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీతో కలిసి 2019 అక్టోబరులో ‘జెమిని’ అనే చిన్న పెట్టెను తెచ్చింది. గగన్ ఉపగ్రహ వ్యవస్థ నుంచి తుఫాను హెచ్చరికలు, అలల ఎత్తు, చేపలు దొరికే ప్రాంతాల వివరాలు అందుకుని బ్లూటూత్ ద్వారా ఫోనుకు పంపుతుంది. అది వినగలదు గాని పలకలేదు. ఆపదలో ఉన్నామని ఒడ్డుకు చెప్పే వీలు దానిలో లేదు. ఇటు నుంచి అటు కూడా కబురు పంపగల ట్రాన్స్‌పాండర్లను తర్వాత ఇస్రో తయారుచేసింది. వాటిని ఇప్పుడు మత్స్యకారుల పడవల్లో అమరుస్తున్నారు.